బాపు అడిగిన గుంట

మా ఇంట్లో ఒక మాట చాలా ఏళ్లు నిషేధంలో ఉండేది. బూతు కాదు, తిట్టు కాదు, అపశకునం అంతకన్నా కాదు. గుంట. మా వైపు భూమిని కొలిచే లెక్క అది. ఎకరానికి నలభై గుంటలు, గుంటకు నూట ఇరవై ఒక్క గజాలు. బహదూర్‌పురాలో మా ఇల్లూ బర్రెల కొట్టమూ కలిపి రెండు గుంటల జాగ అని మా అవ్వ, అంటే బాపు అని మేం పిలిచే నాన్నను కన్న తల్లి, అడిగిన వాళ్లకూ అడగని వాళ్లకూ చెప్పుకునేది. అటువంటి ఇంట్లో, మేం సముద్రపు ఒడ్డు నుంచి తిరిగి వచ్చేసిన తర్వాత, ఎవరన్నా నోరు జారి గుంట అన్నారంటే చాలు, బాపు లేచి చెప్పులు వేసుకుని బయటికి వెళ్లిపోయేవాడు. ఆయన సందు మలుపు తిరిగేదాకా మూతులు బిగించుకుని, తిరిగాక అందరం ఒక్కసారే నవ్వేవాళ్లం. పాపం, ఆయన వినేవాడనే అనుకుంటాను.

పోయిన చలికాలం ఒక పెళ్లికని విశాఖపట్నం వెళ్లాను. తలంబ్రాలు పడ్డాక, భోజనాల దగ్గర తోపులాట ఈ వయసులో నాకెందుకని, ఆటో మాట్లాడుకుని గాజువాక అవతలికి పోయాను. చిన్నప్పుడు మేం నాలుగేళ్లు బతికిన పాలెం ఎలా ఉందో చూద్దామని. ఆటో అబ్బాయికి పాలెం పేరు చెబితే, అది అపార్ట్‌మెంట్ పేరా, బస్టాపు పేరా అని అడిగాడు. అక్కడ ఒక మనిషి కనపడింది. ఆమె చెప్పింది విన్నాక ఇదంతా రాయక తప్పలేదు. కానీ ఆమె దగ్గరికి పోవాలంటే ముందు మేం ఆ ఊరు ఎందుకు పోయామో చెప్పాలి, దానికి బహదూర్‌పురా నుంచి బయల్దేరాలి.

మాది పాల వ్యాపారం. తొమ్మిది బర్రెలు. నాలుగు గంటలకే అవ్వ లేచి కుడితి తొట్టిలో తవుడు కలిపేది. ఆ తవుడు వాసన, పచ్చిగడ్డి వాసన, పేడ వాసన, అన్నిటి మీదుగా సందు చివరి హోటల్లో మరుగుతున్న చాయ్ వాసన, ఇవన్నీ కలిస్తేనే నాకు తెల్లవారినట్టు. జూపార్కు దగ్గరే కాబట్టి ఆ వేళకే సింహం గర్జించేది. కొత్తగా కొన్న బర్రెలు ఆ గర్జనకు బెదిరి పాలు ఎగచేపేవి. అవ్వ వాటి వీపు నిమురుతూ, అది బోనులో ఉన్నదే, నువ్వు నా దగ్గరున్నవు, నీకేం ఫికర్ అని నచ్చజెప్పేది. వారానికి అవి అలవాటు పడేవి. మా నర్సింగ్ కాక, బాపు తమ్ముడు, అప్పటికి ఇరవై నాలుగేళ్లవాడు, సైకిల్‌కు రెండు పక్కలా క్యాన్లు కట్టుకుని పత్తర్‌గట్టి హోటళ్లకూ మలక్‌పేట ఇళ్లకూ పాలు పోసి వచ్చేవాడు. వచ్చేటప్పుడు పాటలు, పోయేటప్పుడు పాటలు. కాక సైకిల్ బెల్లు కంటే కాక గొంతే ముందు వినపడేది.

బాపు ఒక్కడే బర్రెలు వదిలి ఉద్యోగంలో పడ్డాడు. సర్కారు కార్ఖానాలో వెల్డర్. చేతుల మీద నిప్పురవ్వల మచ్చలు, చొక్కాకు చిన్న చిన్న చిల్లులు. ఆ చిల్లులంటే ఆయనకు గర్వం. ఒకరోజు ఇంటికొచ్చి, సముద్రం ఒడ్డున కొత్తగా పెద్ద కార్ఖానా పని మొదలవుతోందనీ, జీతం పెంచి అక్కడికి పంపుతున్నారనీ చెప్పాడు. అవ్వ ఒక పూట అన్నం మానేసింది. అమ్మ జొన్నలు విసిరించి మూట కట్టింది. సముద్రం వాళ్లు జొన్నరొట్టె తినరని ఎవరో చెప్పారట.

రైలు దిగి, బస్సెక్కి, ఆ పైన ఎడ్లబండిలో పాలెం చేరాం. అద్దెకు దొరికింది తాటాకు కప్పిన రెండు గదుల ఇల్లు. గాలి తడిగా, ఉప్పగా, ఎండుచేపల వాసనతో ఉండేది. ఉతికిన బట్టలు రెండు రోజులైనా ఆరేవి కావు. అమ్మ తెచ్చుకున్న ఇనుప పెనం వారానికే తుప్పు పట్టింది. బాపు మమ్మల్ని మొదటి ఆదివారమే సముద్రం చూపించడానికి తీసుకుపోయాడు. నేను నోరు తెరుచుకుని నిలబడ్డాను. అమ్మ కొంగు నడుముకు దోపుకుని చాలాసేపు చూసి, గిన్ని నీళ్లుండి తాగనీకి బిందెడు లేవు అంది. బావి నీళ్లు ఉప్పగా ఉండేవి మరి, మంచినీళ్లకు అరమైలు నడవాలి. ఆమెకు సముద్రం మీద ఆ కోపం చివరిదాకా పోలేదు.

పాలెం అప్పుడే మారడం మొదలుపెట్టింది. ఒకవైపు జీడిమామిడి తోటలు, ఇంకోవైపు కొట్టేసిన తోటల మొదళ్లు. నిన్న ఆవులు మేసిన చోట ఇవాళ తెల్లసున్నం గీతలు. లారీలు పోయి పోయి ఇసుకదారి గోతులు పడింది. టీ బంకుల్లో మలయాళం, బెంగాలీ, మా ఉర్దూ కలగలిసిన తెలుగు, అన్నీ వినపడేవి. పాలెం వాళ్లు మా మాటలు విని నవ్వేవాళ్లు, వాళ్ల మాటలు విని మేం నవ్వేవాళ్లం. మేం బర్రె అంటే వాళ్లకు గేదె, మేం దవాఖాన అంటే వాళ్లకు ఆసుపత్రి. అందులో ఎవరికీ నామోషీ లేదు. తెలియని మాటైతే అడిగి తెలుసుకునేవాళ్లం. తెలిసిన మాటతోనే అసలు ముప్పు వస్తుందని అప్పుడు ఎవరికీ తట్టలేదు.

ఆ ఊళ్లో అమ్మను అన్నిటికన్నా కుంగదీసింది పాలు కొనుక్కోవడం. పుట్టింట్లో పాడి, అత్తింట్లో పాడి, ఆమె జన్మలో పాలు కొని ఎరగదు. మొదటిరోజు పాలు తెచ్చిన పిల్ల ముందు గిన్నె పట్టడానికి చెయ్యి రాలేదు. పట్టాక, అలవాటు కొద్దీ ఒక చుక్క బొటనవేలి గోరు మీద వేసుకుని జారుతుందో నిలుస్తుందో చూసింది. పిల్ల ఫక్కున నవ్వింది. మా అయ్య కూడా అలాగే చూస్తాడు, మీరూ పాలోళ్లేనా అంది. అలా కలిసింది నూకాలు. పంతొమ్మిదేళ్లు, నల్లగా నిటారుగా ఉండేది, తల్లి లేదు. తండ్రి సింహాచలానికి నాలుగు గేదెలు. రోజూ పాలు పోసి, అమ్మ పక్కన చతికిలబడి, మా కొట్టం సంగతులు, అవ్వ సంగతులు, సింహం సంగతులు చెప్పించుకునేది. మా మాటలు నోట పలికి చూసుకునేది. ఏంది, గట్లనా అని నన్ను వెక్కిరించేది. నాకు అక్కలు లేరు. పది రోజుల్లో ఆమె వెనకే తిరగడం మొదలుపెట్టాను.

మేం వెళ్లి నెల తిరక్కుండానే బాపుకు భూమి పిచ్చి పట్టింది. కార్ఖానా వస్తే ధరలు పెరుగుతాయని తోటి వెల్డర్లంతా అనుకుంటున్నారు. అదొక్కటే కాదు. బహదూర్‌పురా జాగ అవ్వ పేరు మీద ఉంది, అందులో మా పెద్దనాయనతో కలిపి ముగ్గురన్నదమ్ములు. కాక పెళ్లి చేసుకుంటే పడుకోవడానికి చోటు లేదు. తమ్ముడి పేరు మీద ఇక్కడ ఒక ముక్క కొంటే, వాడు కూడా ఇటే వచ్చి నాలుగు బర్రెలు పెట్టుకుంటాడని బాపు లెక్క. డ్యూటీకి పోయే దారిలో సింహాచలం ఇంటి వెనక కంచె వేసిన చిన్న నేల చెక్క ఒకటి ఆయన కంటబడింది. ఒక ఆదివారం నన్ను వెంటబెట్టుకుని బయల్దేరాడు. సింహాచలం అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. ఆ మాట, ఈ మాట అయ్యాక బాపు విషయానికి వచ్చాడు.

"మీకు గుంటలెన్ని?"

"రెండు గుంటలు బాబూ. పెద్దది సోడారమోళ్లకి ఇచ్చీసినాం. సిన్నదుంది."

సోడారం అంటే చోడవరం. బాపు ముఖం వెలిగింది. "మాకు చిన్నదే చాలు. ఎవ్వరికన్న మాటిచ్చిన్రా?"

"అనకాపల్లి బెల్లం యాపారి ఒకడు అడగతన్నాడు. నేనింకా ఏటీ సెప్పలేదు."

"చెప్పకుండ్రి. మా తమ్ముని కోసం తీసుకుందమని ఉన్నది నాకు."

సింహాచలం నోట్లోంచి చుట్ట తీశాడు. బాపును కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. మీరు హైదరాబాదోళ్లు, అంత దూరమైతే ఎలాగ అని నసిగాడు.

"దూరమేంది? గుంట ఏడికి పోతది? ఈడనే ఇల్లు గట్టుకొని ఉంటం."

"మరొకసారి దగ్గరుండి సూసుకోరా?"

"రోజు డ్యూటీకి పోతుంటె చూస్తనే ఉన్న. మంచిగుంది. జర ఎగుడుదిగుడుంది గని, మేం సాపు జేసుకుంటం."

సింహాచలం నిట్టూర్చాడు. "తల్లి లేదు గదా బాబూ. సూసీవోళ్లు లేక అలాగైపోనాది."

ఆడమనిషి చెయ్యి లేకుంటే అంతే మరి అని బాపు ఓదార్చాడు. తర్వాత గొంతు తగ్గించి, మీకేమియ్యాలె అన్నాడు. సింహాచలం కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నాకేటీ వద్దు బాబూ, కళ్లెదురుగా ఉంటాది, అదే సాలు అన్నాడు. బాపు ఆయన చేతిలో చెయ్యి వేసి, ఇగో, జబాన్ ఇస్తున్న అన్నాడు. మా ఇంట్లో జబాన్, అంటే మాట, ఇవ్వడం మామూలు సంగతి కాదు. మా తాత ఒక బర్రె విషయంలో ఇచ్చిన జబాన్ కోసం నడిచి షాద్‌నగర్ పోయి వచ్చాడని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇంటికి తిరిగి వచ్చేదాకా బాపు కాళ్లు నేల మీద ఆనలేదు. గీ దేశపోళ్ల మనసే వేరు, భూమి ఉత్తగనే ఇస్తున్నరు అని అమ్మతో ఒకటే పొగడ్త. ఉత్తగ ఎవరిస్తరు, అండ్ల ఏదో లొల్లి ఉంటది, మంచిగ అడిగినవా అని అమ్మ అంది. నీకన్నీ అనుమానాలే అని బాపు ఆమె నోరు మూయించి, ఆ పూటే కాకకు కార్డు రాశాడు. నీ కోసం ఇక్కడ ఒక గుంట ఖాయం చేసిన, చిన్నదే కానీ మంచిది, కొలుచుకోనీకి టేపు పట్టుకొని రా. ఆ కార్డు పోస్టు డబ్బాలో వేసింది నేనే.

కాక పది రోజులకు దిగాడు. ఎర్రంచు రుమాలు మెడకు కట్టుకుని, అవ్వ పంపిన సకినాల డబ్బాతో. టేపు తెచ్చావా అంటే జేబులోంచి తీశాడు. అది దర్జీలు మెడలో వేసుకునే టేపు. పత్తర్‌గట్టి బట్టల దుకాణంలో దోస్తు ఇచ్చాడట. బాపు నెత్తి కొట్టుకున్నాడు. గిదానితోని భూమి ఎట్ల కొలుస్తవురా అంటే, నూరుసార్లు పెడితే అదే కొలుస్తదన్నా, టేపు టేపే గద అన్నాడు కాక. ఫికర్ అనేది ఆయన ఒంటికి పడదు. తమ్ముడు వచ్చాడు, వస్తున్నాం అని బాపు సింహాచలానికి ముందురోజే కబురు పెట్టాడు. ఇస్త్రీ చొక్కాలు వేసుకుని అన్నదమ్ములిద్దరూ బయల్దేరారు. వెనకాల నేనూ అమ్మా.

సింహాచలం ఇంటి ముందు పందిరి ఉంది. పందిరి కింద చాపల మీద పదిహేను మంది దాకా చుట్టాలు. పళ్లెంలో కొబ్బరికాయ, పసుపు కుంకుమ, తమలపాకులు. బాపు నా వైపు వంగి, చూసినవా, భూమి ఇచ్చేటప్పుడు గూడ వీళ్లు ఎంత పద్ధతిగ ఇస్తరో అన్నాడు. మాకు బెల్లం పానకం ఇచ్చారు. సింహాచలం చెల్లెలు, నూకాలుకు మేనత్త, కాకను కింది నుంచి పై దాకా చూసి, బాగున్నాడు అన్నట్టు తలాడించింది. కాకకు సంతోషమైంది. ఆలస్యం ఎందుకని లేచి నిలబడి, జేబులోంచి టేపు తీసి చర్రున విప్పాడు.

"ఏడికెల్లి మొదలువెట్టాలె? పొడుగు ముందా, అడ్డమా?"

మేనత్త చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, మెల్లగా, పెళ్లికి ముందే కొలతలేటి బాబూ, మా గుంటకి రైకలు మా ఊరి దర్జీ కుడతాడు గదా అంది. బాపు నవ్వి, గుంట కొలవనీకి దర్జీ ఎందుకమ్మా, మా తమ్ముడే కొలుస్తడు, నేనొక దిక్కు పట్టుకుంట అన్నాడు. చాప మీది నుంచి ఇద్దరు మగవాళ్లు లేచారు. అమ్మకు అర్థమైందని నాకు ఆమె చెయ్యి చెప్పింది, నా భుజాన్ని గట్టిగా పట్టుకుంది. సింహాచలం ఇంట్లోకి పోయి నూకాలును తీసుకొచ్చాడు. కొత్త చీర, తలలో కనకాంబరాలు. ఆమె భుజం మీద చెయ్యి వేసి, ఇదే గదా బాబూ మా సిన్న గుంట, మీరు సూసినానన్నారు అన్నాడు. వాళ్ల వైపు గుంట అంటే ఆడపిల్ల.

బాపు నూకాలును చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. నేను జాగ అడిగిన అన్నాడు. జాగ అంటే ఏటి అన్నాడు సింహాచలం. భూమి, మీ ఇంటెనక భూమి అన్నాడు బాపు, నేల వైపు చూపిస్తూ. సింహాచలం ఆ చూపించిన వైపు చూసి, మళ్లీ బాపును చూశాడు.

"నాకు బూవెక్కడిది బాబూ? ఉన్నదంతా కార్కానాకి పోనాది గదా. ఆ ఎనకాలది కూడా సర్కారుదే. నాకు మిగిలినాది ఈ గుంటే."

ఆయన తల దించుకున్నాడు. అప్పటిదాకా లేచి నిలబడ్డ మగవాళ్లు కూడా మెల్లగా కూర్చున్నారు. మేనత్త ఒక్కతే అంటోంది, బంగారంలాంటి అనకాపల్లి సంబంధం వద్దనుకున్నాం, వాళ్లు నాలుగు రోజుల కిందటే ఇంకోచోట లగ్గం పెట్టేసుకున్నారు, ఇప్పుడీ పిల్లని ఎవరు చేసుకుంటారు అని. కాక టేపును వేళ్లకు చుట్టుకుంటూ నిలబడ్డాడు. నూకాలు మాత్రం ఎవరినీ చూడలేదు, తండ్రినే చూస్తోంది. నాకు ఏడుపొచ్చింది. ఎందుకని అడిగితే అప్పుడు చెప్పలేకపోయేదాన్ని. ఆమె మా ఇంటికి వస్తుందని ఒక్క నిమిషం ఆశ పుట్టి, ఆ నిమిషంలోనే పోయింది, అందుకు.

ఆ సాయంత్రం మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. బాపు గోడకు ఆనుకుని కూర్చుని, జబాన్ ఇచ్చిన, పదిమంది ముంగట ఆయన ఇజ్జత్ తీసిన, ఇగ నర్సింగ్ ఆ పిల్లను చేసుకోవాల్సిందే అన్నాడు. వాళ్లూ పాలవాళ్లే, మనమూ పాలవాళ్లమే, ఏం తక్కువ అన్నాడు. కాక సిగ్గుపడుతూ, నాకేం ఫికర్ లేదన్నా, పిల్ల మంచిగనే ఉన్నది అన్నాడు. అన్నదమ్ములిద్దరూ ఒప్పందానికి వచ్చేశారు, పని అయిపోయినట్టే. అప్పుడు అమ్మ జొన్నపిండి డబ్బా మూత పెట్టి ఇటు తిరిగింది.

"పొద్దుగాల భూమి అనుకొని అడిగిన్రు. ఇప్పుడు ఇజ్జత్ అనుకొని అడుగుతున్రు. పిల్ల అనుకొని ఎప్పుడడుగుతరు?"

నేను మా అమ్మను తలచుకున్నప్పుడల్లా ముందు ఆ మాటే గుర్తొస్తుంది. ఆమె బడికి పోలేదు, సంతకం కూడా సరిగ్గా రాదు.

తెల్లారి పాలు రావని అనుకున్నాం. వచ్చాయి. నూకాలే తెచ్చింది, రోజూ తెచ్చే వేళకే. కనకాంబరాలు లేవు, మామూలు చీర. బాపు బయటికొచ్చి, చిన్నపిల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బిడ్డా, తప్పు నాది, మాటిచ్చిన, మా తమ్ముడు ఒప్పుకున్నడు, నీకిష్టమైతే మీ నాయనతోని మాట్లాడుత అన్నాడు. తలుపు వెనక కాక జుట్టు దువ్వుకుంటున్నాడు. నూకాలు పాలు కొలిచి అమ్మ గిన్నెలో పోసింది. ఒక చుక్క కింద పడకుండా. తర్వాత అంది.

"ఆ మాట మీరు బూవికిచ్చినారు బాబూ, నాకు కాదు. నాది నాకే ఉండనీండి."

చెంబు నడుముకు ఆనించుకుని వెళ్లిపోయింది. అమ్మ ఆ రోజు గోరు మీద చుక్క వేసి చూడలేదు, ఆ తర్వాత కూడా ఎప్పుడూ చూడలేదు. కాక రెండు రోజులు మబ్బుగా తిరిగి, మూడో రోజు పాట అందుకుని, హైదరాబాదు రైలెక్కాడు. మరుసటి ఏడాది శంషాబాద్ దగ్గర సంబంధం కుదిరింది. ఆమెకూ కాక పాటలంటే ఇష్టమే. బాపు మాత్రం తర్వాతి ఆదివారం ఆ చుట్టాలనే మళ్లీ పిలిపించి, వాళ్ల ముందు చెప్పులు విడిచి, తప్పు నాది, ఆయనది కాదు, పిల్లది అసలే కాదు అని చెప్పి వచ్చాడు. సింహాచలం లోపలికి పోయి మజ్జిగ తెచ్చి ఇచ్చాడట. మేం ఉన్న నాలుగేళ్లలో ఆయన ఎదురుపడితే బాపు సైకిల్ దిగి నిలబడేవాడు. భూమి మాట మళ్లీ ఎత్తలేదు. తోటి వెల్డర్లు కొన్న చెక్కలు తర్వాత ఎంతెంత అయ్యాయో తలచుకుని మేం తిరిగొచ్చాక పుట్టిన మా తమ్ముడు ఇప్పటికీ పళ్లు నూరుతాడు. నూకాలుకు రెండేళ్ల తర్వాత పెళ్లయింది. పాలెంలోకి కరెంటు స్తంభాలు వేయడానికి వచ్చినతన్ని, తనే చూసి, తనే ఒప్పుకుని చేసుకుంది.

ఇప్పుడు ఆ పాలెంలో కంచెలు లేవు, గేదెలు లేవు, ఎండుచేపల వాసన లేదు. అయిదంతస్తుల ఇళ్లు, వాటి మధ్య నుంచి చూస్తే సముద్రం ఒక చారలా కనపడుతుంది. మంచినీళ్లు ఇంట్లోకే వస్తాయట, అమ్మ వింటే సముద్రాన్ని క్షమించేదేమో. మనుషులు ఒకరి మాట ఒకరికి అర్థమయ్యేలాగే మాట్లాడుతున్నారు, టీవీ మాట, పుస్తకం మాట. పొరపాటు పడే అవకాశమే లేదు. పొరపాటు పడేంత మాటలు కూడా లేవనిపించింది, పైనుంచి సముద్రం చూద్దామని ఒక లిఫ్టు ఎక్కితే, అందులో ఉన్న నలుగురం గోడలనే చూశాం. మా బహదూర్‌పురా సంగతీ అంతే, కొట్టం పోయి మూడంతస్తులు లేచాయి, సింహం గర్జన బండ్ల హారన్లలో వినపడదు. పాతది బాగుండేదని నేననను. మంచినీళ్లకు అరమైలు నడిచిన వాళ్లెవరూ అలా అనరు. కానీ గోరు మీద పాలచుక్క వేసి చూసేంత పట్టింపు ఒకరి మీద ఒకరికి ఉండేది, అది పోయినందుకు నాకు బాధగానే ఉంది.

ఒక అపార్ట్‌మెంట్ కింద పాల ప్యాకెట్ల కొట్టు ఉంది. దారి అడుగుదామని ఆగి, ఇక్కడ సింహాచలం అనే పాలాయన ఇల్లు ఉండేది, ఎటు దిక్కు అన్నాను. ఆ దిక్కు అన్న మాటతోనే కొట్టులో ముసలామె తల ఎత్తింది. తెల్లజుట్టు, ఆ నిటారు మెడ. ఓలమ్మ, నువ్వా వెల్డరు బాబు గుంటవి కాదేటి అంది. అరవై దాటాక నన్ను ఎవరన్నా గుంట అనడం అదే మొదలు. స్టూలు వేసి కూర్చోబెట్టింది. భర్త పోయాడట, ఇద్దరు కొడుకులు ఇక్కడే ఉన్నారట. అందరి గురించీ అడిగింది. బాపు పోయి పన్నెండేళ్లయిందనీ, పోయేదాకా ఆ తప్పు మోశాడనీ, ఇంట్లో ఆ మాటే అననివ్వలేదనీ చెప్పాను. నవ్విద్దామనే చెప్పాను. ఆమె నవ్వలేదు.

"ఆయన తప్పేటుంది? ఆ రోజు నేను పాక ఎనకాల పేడ తీత్తన్నాను. మొత్తం ఇన్నాను."

విని, అని నేను ఆగాను. అప్పటికే తనకు తెలుసట. మా అమ్మ రెండు గుంటల కొట్టమని చెబితే, గుంటంటే ఎంత అని అడిగిందట. ఈ వాకిలికి నాలుగింతలని అమ్మ చేతులు చాపి చూపించిందట. నవ్వు ఆపుకుని ఊరుకుందట. బాపు అడిగేది భూమి అని మొదటి మాటకే అర్థమైందట. మరి చెప్పలేదే అన్నాను. అనకాపల్లోడికి నలభై అయిదేళ్లు, ముగ్గురు పిల్లలు, మా అయ్య ఆ ఆదివారమే వాళ్లకి మాట పంపుదామని కూకున్నాడు, ఇంతలో మీ బాపొచ్చి కూకున్నాడు, నేనెందుకు నోరిప్పుతాను అంది. అక్కడికి ఇద్దరం నవ్వాం. కొట్టుకు వచ్చిన పిల్లవాడు మమ్మల్ని చూసి తనూ నవ్వి ప్యాకెట్ పట్టుకుపోయాడు. అమ్మ ఉంటే ఎంత నవ్వేదో అని నేనంటుంటే ఆమె నవ్వు ఆగిపోయింది.

"మీ బాపు ఒక్కడే ఒచ్చి, తప్పైపోనాదని అయ్యకి సెప్పుకొని ఎలిపోతాడనుకున్నాను. పదిమందిలో మీ కాక టేపట్టుకొని లేత్తాడని నాకేటి తెల్సు? మా అయ్య సచ్చిపోయీదాకా ఒకటే అనీవోడు. ఆ బాబు మంచోడే, నా సెవులే సరిగ్గా ఇనలేదు, నా గుంటని నేనే నవ్వులపాలు సేసినానని. నేనాయనకి బువ్వెడతా ఇనీదాన్ని. ఒక్కనాడూ సెప్పలేకపోనాను."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. మా బాపుకైనా కబురు పంపాల్సింది అని నోటిదాకా వచ్చింది, అనలేదు. ఇన్నాళ్లకు నాకు చెప్పారు కదా అని మాత్రం అన్నాను.

"మరెవులికి సెప్పుకోను?" అంది నూకాలు. "వోళ్లిద్దరూ ఎలిపోనారు."